చెయ్యెత్తనక్కర్లేదు

మా ఆయన పళ్ళ డాక్టరు. ఇరవై తొమ్మిదేళ్ళు ఒకే వీధిలో, ఒకే మేడ కింద రెండు గదుల్లో, ఒకే కుర్చీ పక్కన పనిచేశారు. కుర్చీకి రెండోవైపు నేను. ఉమ్మి లాగే గొట్టం పట్టుకోవడం, దూది అందించడం, ట్రే సర్దడం, ఫోను ఎత్తడం, వచ్చినవాళ్ళు భయపడి పారిపోకుండా కబుర్లలో పెట్టడం నా పని. పళ్ళ డాక్టరు దగ్గరికి సంతోషంగా వచ్చిన మనిషిని నేను ఇంతవరకు చూడలేదు.

ఆయనకు పన్నుకంటే ముందు ముఖం తెలుస్తుందని వీధిలో ఒక పేరుండేది. నోట్లో సామాన్లు పెట్టాక ఎవరూ మాట్లాడలేరు కదా. అందుకే మిగతా డాక్టర్లు “నొప్పి పుడితే చెయ్యెత్తండి” అంటారు. మా ఆయన కుర్చీ వెనక్కి వాల్చగానే “మీరు చెయ్యెత్తనక్కర్లేదు, నేను చూసుకుంటాను” అనేవారు. అందులో కాస్త గొప్పలు పోవడం కూడా ఉంది, నాకు తెలుసు. కానీ నిజంగానే చూసుకునేవారు. కనుబొమల మధ్య గీత పడేలోపే డ్రిల్లు ఆగిపోయేది. మీసం మెలేసుకుంటూ వచ్చిన పోలీసాయన లోపల గడగడలాడుతున్నాడనీ, అమ్మో అయ్యో అని గోల చేస్తున్నావిడకు అసలు నొప్పే లేదనీ ఇట్టే పసిగట్టేవారు. అలా వీధి వీధంతా చెయ్యెత్తడం మానేసింది. పిల్లలు కూడా చేతులు పొట్టమీద పెట్టుకొని బుద్ధిగా పడుకునేవాళ్ళు.

ఇంట్లోనూ ఇదే వరస. నేను ఎక్కడికైనా వెళ్ళి వచ్చి గడపలో చెప్పులు విప్పుతుంటే, పేపర్లోంచి ఒక్కసారి తలెత్తి “ఎవరేమన్నారు?” అనేవారు. ఎవరో ఏదో అనే ఉండేవారు. మా అక్కో, ఆడపడుచో, పక్కింటావిడో. నేను ఒక ముక్క చెబితే చాలు, మిగతా తొమ్మిది ముక్కలు ఆయనకు అర్థమైపోయేవి. దాంతో నాకు బద్ధకం పెరిగిపోయింది. ఇది నచ్చింది, ఇది నచ్చలేదు, ఇవాళ మనసు బాగాలేదు అని నోరు తెరిచి చెప్పుకోవడం నేను నేర్చుకోనేలేదు. మా కాపురంలో మాటలు తక్కువ, అయినా ఏ లోటూ ఉండేది కాదు.

ఆయనకు యాభై ఎనిమిదో ఏడు నడుస్తుండగా మా అన్నయ్య పోయాడు. అందరం హాల్లో కూర్చుని ఉన్నాం. మా వదిన గోడకు చేరగిలబడి వెక్కివెక్కి ఏడుస్తోంది. మా ఆయన వెళ్ళి ఆవిడ పక్కనే కుర్చీ లాక్కుని కూర్చుని, చక్కగా నవ్వుతూ, “ఈ ఫ్యాను ఇంతకంటే జోరుగా తిరగదా అక్కయ్యగారూ?” అన్నారు. గదంతా ఆయన్నే చూసింది. ఆయన ఫ్యాను వంక చూస్తున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఇంటికొచ్చాక ఆయన్ను కడిగిపారేశాను. వినేసి “సరే, భోంచేద్దామా?” అన్నారు. ఆ మాటకు ఒళ్ళు మండి రెండురోజులు మాట్లాడలేదు. మాట్లాడలేదన్న సంగతి ఆయనకు తెలియనేలేదు. ఆ తర్వాత దాదాపు ఏడాది ఆయన్ను తిడుతూనే ఉన్నాను. పొగరు తలకెక్కిందన్నాను, రాయిలా తయారయ్యారన్నాను, వయసొచ్చేకొద్దీ మనుషులంటే లెక్కలేకుండా పోతోందన్నాను. గడపలో చెప్పులు విప్పుతూ కావాలనే ఆలస్యం చేసేదాన్ని. ఆయన తలెత్తేవారు, చూసేవారు, మళ్ళీ పేపర్లోకి వెళ్ళిపోయేవారు. ఆ ఏడాది తిట్టిన తిట్లన్నీ ఇప్పుడు నాకే గుచ్చుకుంటాయి.

చివరికి మా అమ్మాయే పట్టుబట్టి నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. దానికి మందుల షాపులో ఉద్యోగం, జబ్బుల సంగతులు నాకంటే బాగా తెలుసు. ఆ డాక్టరమ్మ చిన్నపిల్ల, మా అమ్మాయి వయసే ఉంటుంది. స్కానులన్నీ అయ్యాక ముఖాల ఫొటోలు కొన్ని బల్లమీద పేర్చి, ఒక్కొక్కటే చూపిస్తూ ఈ మనిషి ఎలా ఉన్నారో చెప్పమంది.

నవ్వుతున్న ఫొటో చూపిస్తే “నవ్వుతున్నాడు” అన్నారు ఆయన. కోపంగా ఉన్న మనిషిని చూపిస్తే “పళ్ళు కొరుక్కునే అలవాటుంది, పై వరస అరిగిపోయింది” అన్నారు. భయంతో నోరు వెళ్ళబెట్టిన ఆడమనిషిని చూపిస్తే ఫొటో చేతిలోకి తీసుకుని, వెలుతురుకు తిప్పి, “కింద ఎడమవైపు రెండు దవడపళ్ళు పుచ్చాయి. ఈవిణ్ణి తొందరగా రమ్మనండి” అన్నారు. డాక్టరమ్మ ఫక్కున నవ్వింది. వెంటనే నవ్వు ఆపేసి కాగితంమీద ఏదో రాసుకుంది. నేను కూడా నవ్వాను. ఏడుస్తున్న ముసలాయన ఫొటో చూపించినప్పుడు “ఏం లేదు, మామూలుగా ఉన్నాడు” అన్నారు.

బయట వరండాలో నాతో ఆ పిల్ల నెమ్మదిగా చెప్పింది. “ఆయన చూపు బాగుందమ్మా. జ్ఞాపకం కూడా ప్రస్తుతానికి బాగానే ఉంది. ఎదురుగా ఉన్న మొహంలో ఏముందో చెప్పే భాగం మెదడులో దెబ్బతింటోంది. ఇదీ మతిమరుపు జబ్బుల్లో ఒక రకమే, కాకపోతే మరపుతో మొదలవదు. భయం, కోపం, బాధ ముందు పోతాయి. నవ్వు కొన్నాళ్ళు తెలుస్తుంది.”

“మళ్ళీ వస్తుందా?” అన్నాను.

“రాదమ్మా. ఆయన కావాలని చెయ్యడంలేదు, మీరు మనసులో పెట్టుకోకండి. ఇంకోమాట. పేషెంట్లను చూడటం మాత్రం మానిపించెయ్యండి” అంది.

మనసులో పెట్టుకోకుండా ఇంకెక్కడ పెట్టుకోవాలో ఆ పిల్ల చెప్పలేదు. పేషెంట్ల సంగతి మాత్రం నేను విననట్టే ఊరుకున్నాను.

ఎందుకు ఊరుకున్నానో దాచకుండా చెబుతాను. ఆయన చేతులు ఎక్కడా వణకలేదు. సూది గుచ్చితే గుచ్చినట్టే తెలియదు, ఫిల్లింగ్ చేస్తే పన్ను పుట్టినప్పటినుంచీ అలాగే ఉందన్నట్టు ఉండేది. అది పైకి చెప్పుకునే కారణం. అసలు కారణం వేరే. ఇంట్లో ఆయన అద్దెకు దిగిన మనిషిలా ఉండేవారు. వేళకు తినడం, వేళకు పడుకోవడం, నావంక చూసినా చూడనట్టే ఉండటం. ఆస్పత్రిలో మాస్కు కట్టుకుని దీపం కిందకి వంగితే మాత్రం ఆయన ఎప్పటి మనిషే. కళ్ళూ చేతులే కనబడతాయి, అవి రెండూ మారలేదు. పొద్దున తొమ్మిదినుంచి ఒంటిగంటదాకా, సాయంత్రం అయిదునుంచి ఎనిమిదిదాకా నా మొగుడు నాకు దొరికేవాడు. దాన్ని వదులుకోవడానికి నాకు మనసు రాలేదు.

అందుకని ఒక ఉపాయం కనిపెట్టాను. కుర్చీకి అటు ఆయన, ఇటు నేను కదా. కుర్చీ కింద నా కాలు చాపితే ఆయన ఎడమకాలికి తగులుతుంది. ఒకసారి నొక్కితే ఆపమని, రెండుసార్లు నొక్కితే కానిమ్మని. మొదటిరోజు “నీ కాలు తగులుతోంది, జరుగు” అన్నారు. ఇంటికెళ్ళాక విడమరిచి చెప్పాను. “మీకు వాళ్ళ మొహాల్లో నొప్పి తెలియడంలేదటండీ. నేను చూసి చెబుతాను, మీరు ఆపండి.” నొచ్చుకుంటారని, కనీసం కసురుకుంటారని నేను బిక్కుబిక్కుమంటూ చెప్పాను. “సరే, బాగుంది” అన్నారు. ఆయన నొచ్చుకోనందుకు ఆ రోజంతా నాకు అన్నం సహించలేదు.

పదకొండు నెలలు అలా నడిపాం. ఉమ్మి గొట్టం పట్టుకుని, అవతలివాళ్ళ కనుబొమల మీదే చూపు పెట్టుకుని కూర్చునేదాన్ని. ముఖాలు చదవడం నాకు కొత్త. ఇన్నేళ్ళూ ఆ పని ఆయనే చేసేవారు కదా, నాకెప్పుడూ అవసరం పడలేదు. కొందరికి నొప్పి పుడితే ముక్కు దగ్గర తెల్లబడుతుంది. కొందరు కాలి బొటనవేలు ముడుస్తారు. అన్నీ నేర్చుకున్నాను. ఆయన మాత్రం అలవాటు ప్రకారం, కుర్చీ వాల్చగానే “మీరు చెయ్యెత్తనక్కర్లేదు, నేను చూసుకుంటాను” అంటూనే ఉన్నారు. ఆ మాట మానెయ్యండని నేను చెప్పలేదు. అది కూడా పోతే వినడానికి ఇంకేం మిగులుతుందనిపించింది. నాది తప్పే.

ఇంట్లో ఇంకో సంగతి జరిగింది. నవ్వొక్కటే ఆయనకు తెలుస్తుందని డాక్టరమ్మ చెప్పింది కదా, నేను నవ్వడం మొదలుపెట్టాను. అన్నం వడ్డిస్తూ నవ్వు, బట్టలు మడతపెడుతూ నవ్వు. చూసి “సంతోషంగా ఉన్నావే!” అనేవారు. ఆ మాటకోసం మళ్ళీ నవ్వేదాన్ని. సాయంత్రానికి దవడలు పీకేవి. కొన్నాళ్ళకు ఏ ముఖం పెట్టినా నాకు లోపల ఏమీ తెలియకుండా పోయింది. అక్క ఫోనుచేసి ఏదో గట్టిగా అన్నా, టీవీలో ఎవరో ఏడ్చినా, వానకు బట్టలు తడిసినా అన్నీ ఒకేలా ఉండేవి. తలుపు వేసిన గదిలో ఎవరో మాట్లాడుతున్నట్టు, నాకు సంబంధం లేనట్టు ఉండేది. ఆయన దృష్టిలో మాత్రం నేను చాలా సంతోషంగా ఉన్న మనిషిని.

ఆ తర్వాత బడి పంతులమ్మ వచ్చింది. మా అమ్మాయికి చిన్నప్పుడు లెక్కలు చెప్పింది ఆవిడే. నెమ్మదస్తురాలు, గట్టిగా మాట్లాడి ఎరగదు. దవడపన్నుకు రూట్ కెనాల్ చెయ్యాలి. మత్తిచ్చి పని మొదలుపెట్టారు. మధ్యలో ముందుగదిలో ఫోను మోగింది. ఎవరో సాయంత్రం టైము మార్చమంటున్నారు. రెండు నిమిషాల పనే కదా అని లేచాను. ఆ మనిషి ఒక పట్టాన తెమల్చలేదు. నేను తిరిగొచ్చేసరికి పంతులమ్మ ముఖం పాలిపోయి ఉంది. చెంపలమీద కన్నీళ్ళు కారిపోతున్నాయి. గోళ్ళు కుర్చీ చేతిలోకి దిగిపోయాయి. మత్తు ఎప్పుడు వదిలేసిందో ఏమో. మా ఆయన కూనిరాగం తీస్తూ, ఎంతో శ్రద్ధగా, డ్రిల్లు తిప్పుతున్నారు.

ఆయన చెయ్యి పట్టుకుని ఇవతలికి లాగేశాను. “ఏమైంది?” అన్నారు.

పంతులమ్మను ముందుగదిలోకి తీసుకొచ్చి నీళ్ళిచ్చాను. ఆవిడ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని తాగింది. “ఒక్కసారి చెయ్యెత్తకపోయారా అమ్మా, ఒక్క కేక వెయ్యకపోయారా” అన్నాను.

“ఆయన చూస్తూనే ఉన్నారు కదండీ,” అంది ఆవిడ. “నా కళ్ళలోకే చూశారు. చూసి కూడా ఆపలేదంటే, మధ్యలో ఆపకూడని పనేమో అనుకున్నాను. అందుకే ఓర్చుకున్నాను.”

ఆయనకు కొంచెం ఒంట్లో బాగాలేదన్నాను. పన్ను మిగతా పని రెండు వీధుల అవతల ఉన్న డాక్టరు దగ్గర చేయించుకోమని చీటీ రాసిచ్చాను. వెళ్ళేటప్పుడు ఆవిడ గుమ్మం దగ్గర ఆగి, ఇంకేదో అడగబోయి ఊరుకుంది.

ఆ అడగనిదేదో మా అమ్మాయిని ఫోనులో అడిగిందట. డాక్టరుగారికి తనమీద ఏమైనా కోపమా, తెలియక ఏమైనా పొరపాటు చేసిందా అని. మా అమ్మాయి ఆ సాయంత్రమే వచ్చింది. అడిగితే కాలి సంగతంతా చెప్పేశాను. అది నిలబడే మాట్లాడింది.

“కాలుతో నొక్కి నడిపిస్తున్నావా అమ్మా? పదకొండు నెలలా?”

“చేతులు బాగానే ఉన్నాయే.”

“చేతుల గురించి కాదు నేనడిగేది. నాన్నకు తెలియదు, సరే. నీకు తెలుసు. తెలిసి జనాన్ని ఆ కుర్చీలో పడుకోబెట్టావు. రేపే అందరికీ ఫోన్లుచేసి మూసేస్తున్నామని చెప్పు.”

అది అన్నదాంట్లో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు. నాకు సిగ్గు కూడా రాలేదు, రావాలని తెలుసుగానీ రాలేదు. “ఒక్క వారం ఆగు” అన్నాను. అది బ్యాగు భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

ఆ వారమంతా నొప్పి పుట్టే పనేదీ ఒప్పుకోలేదు. పళ్ళు శుభ్రం చెయ్యడం, కట్టుడుపళ్ళు సరిచెయ్యడం, అంతే. నాకు కింద ఎడమవైపు పన్ను ఒకటి చాలారోజులుగా సలుపుతోంది. రెండు వీధుల అవతలికి నేనూ వెళ్ళొచ్చు. వెళ్ళలేదు. నాలో నేనే ఒక పందెం వేసుకున్నాను. ఊరందరి ముఖాలూ పోయినా, ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్న నా ముఖం ఆయన మెదడులో ఎక్కడో ఒక మూల మిగిలి ఉండొచ్చు. మిగిలి ఉంటే అమ్మాయిని ఎలాగో ఒప్పించి, దగ్గరుండి, ఇంకో ఏడాది నడుపుతాను. లేకపోతే ఆ రోజుతో సరి. డాక్టరమ్మను అడిగితే ఒక్క మాటలో తేల్చేసేది. అందుకే ఆవిణ్ణి అడగలేదు.

శనివారం ఒంటిగంటకు ఆఖరి మనిషి వెళ్ళాక తలుపు వేసి, “నా పన్ను ఒకటి చూడండి” అన్నాను. ఆయనకు పనంటే హుషారు. చేతులు కడుక్కుని వచ్చారు. నేను కుర్చీలో పడుకున్నాను. ఇన్నేళ్ళలో ఆ కుర్చీని రోజుకు పదిసార్లు తుడిచానుగానీ, అందులో పడుకుని పైకి చూడటం అదే మొదటిసారి. పైన దీపం, దీపం పక్కన సున్నం రాలిన చోట ఒక మచ్చ. ఇటువైపు నా స్టూలు ఖాళీగా ఉంది.

“చెయ్యెత్తనక్కర్లేదు, నేను చూసుకుంటాను” అన్నారు నాతో కూడా.

మత్తు బాగా ఇచ్చారు. రెండు నిమిషాల్లో పెదవి, చెంప, సగం నాలుక నావి కాకుండా పోయాయి. డ్రిల్లు మొదలైంది. నొప్పి ఏమీ లేదు, ఉత్త చప్పుడే. ఆయన ముఖం నా ముఖానికి జానెడు దూరంలో ఉంది. అంత దగ్గరగా ఆయన నన్ను చూసి ఎన్నాళ్ళయిందో. మాస్కుపైన ఆ కళ్ళు ఎప్పటిలాగే చల్లగా, జాగ్రత్తగా, దయగా ఉన్నాయి. నేను నవ్వు ముఖం పెట్టలేదు. పెట్టడానికి నోరు నా చేతిలో లేదు. ఆయన కళ్ళలోకే చూశాను. ఇటు చూడండి, ఒక్కసారి చూడండి, నేనిక్కడున్నాను అని లోపల అనుకుంటూనే ఉన్నాను. నెలల తరబడి రాని ఏడుపు అప్పుడు వచ్చింది. పడుకుని ఉన్నాను కదా, నీళ్ళు రెండు కణతల మీదుగా చెవుల్లోకి కారాయి.

డ్రిల్లు ఆగింది. ఆయన నావంక చూశారు. నా కళ్ళ దగ్గరే చూశారు.

ఆయన ట్రేలోంచి దూది ఉండ తీసుకుని, ముందు కుడికంటి కొన దగ్గర, తర్వాత ఎడమకంటి కొన దగ్గర, చాలా శుభ్రంగా అద్దారు. ఆ దూదిని చెత్తబుట్టలో పడేశారు. “తడి అవుతోంది, కదలకు” అన్నారు. మళ్ళీ డ్రిల్లు తీసుకున్నారు.

ఆ తర్వాత పదినిమిషాలు పట్టింది. నీళ్ళు ఇంకో రెండుసార్లు వచ్చాయి, ఆయన ఇంకో రెండుసార్లు తుడిచారు. విసుక్కోలేదు. ఫిల్లింగ్ పెట్టి, నున్నగా చేసి, చిన్న అద్దం నా నోటి ముందు పట్టుకుని “ఎంత బాగా వచ్చిందో చూడు!” అన్నారు. నిజంగానే బాగా వచ్చింది. ఇంతకుముందు అక్కడ పుచ్చు ఉందంటే ఎవరూ నమ్మరు.

లేచి కూర్చున్నాను. ఆయన సింకు దగ్గర సామాన్లు కడుగుతూ “సాయంత్రం ఎంతమంది ఉన్నారు?” అన్నారు.

“ఎవరూ లేరు. సోమవారం కూడా లేరు. ఇక ఎవరూ రారండీ. మూసేస్తున్నాం” అన్నాను. మాట ముద్దగా వచ్చింది.

“సరే,” అన్నారు, కుళాయి కట్టేస్తూ. “అన్నం తినేద్దాం పద, ఆకలేస్తోంది.”

ఇరవై తొమ్మిదేళ్ళ పని ఆయనకు ఒక్క “సరే”తో పోయింది. ఎందుకని అడిగినా బాగుండేది, ట్రే విసిరికొట్టినా బాగుండేది. ఆయన తువ్వాలు తీసుకుని ఒక్కొక్క వేలూ తుడుచుకుంటున్నారు. నేను ముందుగదిలోకి వెళ్ళి, అపాయింట్‌మెంట్ల డైరీ తెరిచి ఫోన్లు మొదలుపెట్టాను. సాయంత్రానికి నలుగురు, సోమవారానికి ఆరుగురు. మొదటి ఇద్దరూ “అలాగేనమ్మా” అని పెట్టేశారు. మూడోది కట్టుడుపళ్ళ పెద్దాయన. ఎప్పుడో రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యాడు, చూపు సరిగా ఆనదు. నేను చెప్పిందంతా విన్నాడు.

“ఏమ్మా, ఏడుస్తున్నావా?” అన్నాడు.

పక్కగదిలో ఆయన దీపం ఆర్పిన చప్పుడు వినిపించింది.

“లేదండీ,” అన్నాను. “పన్ను చూపించుకున్నాను. మత్తింజెక్షన్ ఇచ్చారు, నోరు తిరగడంలేదు.”

“అయ్యో. ఎంతసేపు ఉంటుందమ్మా ఆ మత్తు?”

“రెండు గంటల్లో పోతుందండీ” అని చెప్పి, తర్వాతి నంబరు నొక్కాను.